మత్తు దిగేదాకా

"లేస్తయా బిడ్డా? అన్నీ లేస్తయా?"

బాలలక్ష్మి ఆ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

లిడియాకు విసుగు రాలేదు. ఆమె పశువుల డాక్టరు. వీధి పిల్లులకు ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి కరీంనగర్ నుంచి వచ్చింది. ఇట్లాంటి పని మీద ఏ ఊరికి పోయినా జనం రకరకాలుగా అడుగుతారు. పాపం తగలదా అంటారు. ఎక్కడన్నా అడవిలో ఇడిచిపెట్టరాదా అంటారు. లేస్తాయా అని అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు.

"మత్తు దిగినంక లేస్తయమ్మా. రేపు పొద్దున మళ్ల మీ వాడల్నే, పట్టిన కాడనే ఇడుస్తం."

మరమగ్గాల వాడ అది. పిల్లులు నూలు మూటల మీద ఈనుతున్నాయని ఎవరో ఎలుకల మందు పెట్టారు. నాలుగు కూనలు చచ్చాయి. అది తెలిసే లిడియా బోన్లు తీసుకుని వచ్చింది. సాయానికి ముందుకొచ్చింది బాలలక్ష్మి ఒక్కతే. అరవై దాటిన మనిషి. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది. ఏ పిల్లి ఏ సందులో పడుకుంటుందో ఆమెకు తెలుసు. ఎండుచేపలు పెట్టి బోన్లు అమర్చింది. పిల్లి పడగానే బెదరకుండా బోను మీద పాత చీర కప్పింది. పాలిచ్చే తల్లులు రెండు పడితే, "వీటి పిల్లలు ఇంక కండ్లు తెరవలే. ఇప్పుడొద్దు" అని పట్టుబట్టి వదిలించింది.

ఒక్క ఇంటి దగ్గరే చిక్కొచ్చింది. ఆ ఇంటామె రోజారాణి, తన గడపలో పెరిగిన చారల పిల్లిని ఎత్తుకుని బయటికి వచ్చింది. బాలలక్ష్మి చేతులు చాచింది. రోజారాణి ఆమె పక్కనుంచి దాటి వచ్చి పిల్లిని లిడియాకు అందించింది.

"మీరే పట్టుకపోండ్రి మేడం. ఆమె చేతికైతే ఇయ్య."

బాలలక్ష్మి చాచిన చేతులు దించుకుంది. ఇరుగుపొరుగు తగాదా కాబోలనుకుంది లిడియా.

ఆపరేషన్లకు ఊరి చివర మూతబడ్డ బడి ఇప్పించారు. ఒక గదిలో బల్ల వేశారు. చిన్న కోత, రెండు కుట్లు. మళ్లీ పొరపాటున పట్టకుండా గుర్తుకు ఎడమ చెవి కొస కత్తిరింపు. మొదటి పిల్లి అయ్యాక లిడియా దాన్ని పక్క గదిలో పడుకోబెట్టబోయింది.

"గా అర్రల వద్దు." బాలలక్ష్మి గుమ్మం బయటే ఆగిపోయింది.

"ఎందుకమ్మా? చల్లగున్నది కద."

"చల్లగున్నది. గందుకే వద్దు."

మత్తులో ఒళ్లు చల్లబడితే ప్రమాదమే. చదువుకున్న తనకు తట్టనిది ఈమెకెట్లా తెలిసిందో లిడియాకు అర్థం కాలేదు. ఎండ పడే వరండాలో చీరలు పరిచారు. మధ్యాహ్నానికి తొమ్మిది పిల్లులు వరుసగా పడున్నాయి. నాలుకలు బయటికి వచ్చి, కండ్లు తెరిచే ఉన్నాయి. తెలియనివాళ్లు చూస్తే చచ్చాయనే అనుకుంటారు.

ఆ వరుసను చూసి బాలలక్ష్మి గోడ పట్టుకుంది. కాసేపటికి కింద కూర్చుంది. ఒక్కోదాని ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి తగిలాకే తర్వాతదాని దగ్గరికి జరిగేది. చివరిదాకా పోయి మళ్లీ మొదటికి వచ్చేది.

"నేను చూస్త గని, మీరు ఇంటికి పోయి తినిరాండ్రి."

"పోను బిడ్డా. అన్నీ లేచినంకనే పోత."

బడి కాపలాదారు పరశురాములు టీ తెచ్చాడు. లిడియాను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"ఇరవై రెండేండ్ల కింద గీ బడిల్నే ఆడోళ్లకు ఆపరేషన్ల క్యాంపు పెట్టిన్రు మేడం. ఒక్క దినంల నలభై మందికి. గా అర్రల్నే కింద పండుకోబెట్టిన్రు. నలుగురు లేవనే లేవలే." బాలలక్ష్మి వైపు చూశాడు. "అప్పటిసంది ఆమె గిటు దిక్కు రాలే. మళ్ల ఇయ్యాల్నే."

లిడియా టీ గ్లాసు గట్టు మీద పెట్టేసి, పిల్లుల ఊపిరి చూడటానికి తనూ వరండాలో కూర్చుంది.

పొద్దు వాలేలోపు ఎనిమిది పిల్లులు తూలుకుంటూ లేచాయి. చారల పిల్లి ఒక్కటి కదలలేదు. లిడియా స్టెతస్కోపు పెట్టి చూసింది. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. సూది వేసింది. వేడి నీళ్ల సీసాలు చుట్టూ పెట్టింది. ఇక చేయగలిగింది లేదు.

బాలలక్ష్మి దాన్ని కొంగులో చుట్టి ఒళ్లోకి తీసుకుంది. వీపు రుద్దుతూనే ఉంది.

"లే తల్లీ. నీ ఇంటికాడ దించుత. లే."

ఆమె చూపు పిల్లి మీద లేదు. చీకటిగా ఉన్న ఆ అర్ర గుమ్మం మీద ఉంది. అక్కడెవరో ఉన్నట్టు, వాళ్లకే చెబుతున్నట్టు, అదే మాట మళ్లీ మళ్లీ అంటోంది.

ఎంతసేపటికో పిల్లి చెవి అదిరింది. తర్వాత పంజా. తర్వాత తల తిప్పి బాలలక్ష్మి వేలిని గట్టిగా కొరికింది.

"కరిచింది బిడ్డా! సూడు, కరిచింది!" నెత్తురు కారే వేలును చూపిస్తూ ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

లిడియా ఆమె పక్కన కూర్చుని గాయం కడిగింది. అడగాలా వద్దా అని తటపటాయించి, చివరికి అడిగింది.

"పరశురాములన్న చెప్పిండమ్మా. ఆ నలుగురిల... మీ బిడ్డ ఉండెనా?"

బాలలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"ఏం గాదు, నేనుంట గదా అని ఇల్లిల్లు తిరిగి ఆ నలుగుర్ని ఆటోల ఎక్కించుకొచ్చింది నేనే బిడ్డా, వాళ్లు లేవకముందే ఇంటికి పోయింది గూడ నేనే."