చేదు ముద్ద

"మళ్ళీ ఉమ్మేసింది," అంది తల్లి, చంటిదాని గడ్డం మీద కారిన గుజ్జును గుడ్డతో తుడుస్తూ.

నర్సు బిడ్డను ఒళ్ళోకి తీసుకుని, కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు.

"నీ పాలు ఇక చాలవమ్మా. తోటి పిల్లలు పాకుతున్నారు. ఇది కూర్చోబెడితే వాలిపోతోంది."

"ఇంకో నెల చూద్దాం అక్కా. దీనికి ముద్ద పడట్లేదు."

"పడట్లేదో, పడనివ్వట్లేదో."

నర్సు గిన్నెలోంచి బంగాళాదుంప గుజ్జు తీసి నాలుక మీద పెట్టుకుంది. బాగానే ఉంది. తల్లి చేతిలో చెంచా తీసుకుని అంచు నాకి చూసింది. మొహం చిట్లించింది. కటిక చేదు. తల్లి గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి కనిపించింది.

"నీకిచ్చిన జ్వరం బిళ్ళా?"

తల్లి తల వంచుకుంది. "అంచుకే రాస్తాను. లోపలికి పోనివ్వను."

పక్క మంచం మీద బట్టలు మడతపెడుతున్న పెద్దామె చేతులు ఆగిపోయాయి. "నేనూ గుండె రాయి చేసుకుని పాలు మాన్పించినదాన్నే. బిడ్డ నోట్లో మాత్రం చేదు పెట్టలేదమ్మా."

"పాలు తాగినన్నాళ్ళే కదా ఇది నాది," అంది తల్లి మెల్లగా.

"ఇలాగే ఉంటే నీకూ దక్కదు, ఎవరికీ దక్కదు," అంది నర్సు.

బిడ్డ తల్లి వేలు పట్టుకుని నోట్లో పెట్టుకోబోయింది. ఆమె చటుక్కున వేలు లాక్కుని లేచింది. మూలనున్న కుళాయి కింద గోరు గోరూ సబ్బుతో రుద్ది కడుక్కుంది. ఈలోగా నర్సు వేరే చెంచా తెప్పించి ఆమె చేతికిచ్చింది.

బిడ్డ అలవాటుగా మొహం తిప్పేసుకుంది. గుజ్జు పెదవికి తగిలాక ఆగింది. నాలుకతో తడిమి చూసింది. మింగింది. పిట్టపిల్లలా మళ్ళీ నోరు తెరిచింది. గిన్నె అడుగు కనిపించేదాకా తెరుస్తూనే ఉంది.

"ఎంత ఆకలి దాచుకుందో వెర్రిముండ," అంది పెద్దామె.

తల్లి కళ్ళు తుడుచుకోలేదు. పెట్టడం ఆపలేదు.

"మీ అక్కకి కబురు చేస్తాను," అంది నర్సు, ఆమె వైపు చూడకుండా.

వారం తిరక్కుండానే అక్క వచ్చింది. తల్లి బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి, గౌను సర్దింది.

"కూర్చోబెట్టి తినిపించక్కా. పడుకోబెడితే పొలమారుతుంది. ఉండలు లేకుండా మెదుపు."

"ముగ్గుర్ని పెంచానే. నాకు తెలీదా?"

"తెలుసు. అయినా చెప్పనీ."

అక్క భుజం మీదుగా బిడ్డ తల్లినే చూస్తూ నోరు తెరిచింది. అక్క గుమ్మం దాటింది. తల్లి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

తిండి పట్టిన బిడ్డను ఆ జైల్లో ఉంచరు.