కుళాయి చప్పుడు

"ఈమెకు ఏమైంది? కోపమా, బాధా?"

కౌన్సిలర్ చూపించిన ఫొటోలో ఒకావిడ నోరంతా తెరిచి ఏడుస్తోంది. పదిహేనేళ్ల అమ్మాయి దాన్ని తలకిందులుగా తిప్పి చూసింది.

"ఒక్క చెవికే రింగు ఉంది," అంది.

తరవాత ఇంకో ఫొటో. ఇంకొకటి. ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు.

"నేను చెప్పలేదా మేడం!" తండ్రి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఆటిజం అని తెలిసిన దగ్గర్నుంచీ ఇదే వరస. ఎదుటివాళ్ల మనసు దీనికి పట్టదు. కన్నతల్లి ముఖం కూడా చూడదు. హాస్టల్లో వేస్తే వాళ్లే దారికి తెస్తారు. మీరొక్క మాట రాసివ్వండి, చాలు."

తల్లి గోడ పక్కన కూర్చుని ఉంది. ఇంట్లో ఆమెను ఏదైనా అడగడం ఎప్పుడో మానేశారు. చుట్టాలొచ్చినా ముందుగదిలో భర్తతోనే కబుర్లు. పోయేముందు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "వెళ్లొస్తాం" అని ఆమె చీర కుచ్చెళ్లకు చెప్పి పోతారు.

కౌన్సిలర్ ఆమె వైపు చూసి, చప్పున కళ్లు దించుకుంది. "మీరేమంటారమ్మా?"

జవాబు కూతురు చెప్పింది.

"అమ్మకు కోపమొస్తే చెప్పులు ఈడ్చదు. టకటకా నడుస్తుంది. ఏడుపొస్తే కుళాయి తిప్పి వదిలేస్తుంది. సింకులో గిన్నెలేం ఉండవు. ఉత్త నీళ్లే."

తండ్రి భార్య వైపు తిరగబోయి ఆగాడు. "ఏడుస్తుందా? ఎప్పుడు?"

"నువ్వు టీవీ పెట్టుకున్నాక."

కౌన్సిలర్ ఫొటోలు సర్ది సొరుగులో పెట్టేసింది.

తల్లి లేచి నిలబడింది. "ఇది ఎక్కడికీ పోదు. నా దగ్గరే ఉంటుంది." మాట ముద్దగా వచ్చింది. అయినా అందరికీ అర్థమైంది.

మెట్లు దిగేటప్పుడు తండ్రి ముందు నడిచాడు. కూతురి చెయ్యి పట్టుకున్న తల్లి ఆ చేతిని ముందుకూ వెనక్కూ ఊపసాగింది, బడి వదిలాక పిల్లలు ఊపుకుంటూ వెళ్లినట్టు.

"నాన్నా, అమ్మ నవ్వుతోంది," అంది కూతురు, నేల చూపులు చూస్తూనే.

అతను గిరుక్కున వెనక్కి తిరిగి భార్యను కళ్లెత్తి చూశాడు.

అతనికి కనిపించింది, కూతురు పుట్టకముందు జరిగిన యాక్సిడెంటులో నరాలు దెబ్బతిని, ఆనాటి నుంచీ నవ్వూ ఏడుపూ ఏదీ పలకని అదే ముఖం.