ఎనిమిది యాప్‌ల పంచాయతీ

"ఏటమ్మా, మా యాపు ఏ పాపం సేసినాదని పీకేస్తానంటన్నావు?" అని రమేష్‌బాబు అడిగాడు.

విజయనగరంలోని ఒక పాల సంఘం ఆఫీసులో మీటింగు అప్పుడే మొదలైంది. టీ ఇంకా రాలేదు. బల్ల చుట్టూ ఎనిమిది సెక్షన్ల పెద్దలు కూర్చున్నారు. రమేష్‌బాబు దాణా సెక్షన్ చూస్తాడు. అతని ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన సంహిత కంప్యూటర్ల ఆఫీసరు. చేరి ఏడాది కాలేదు.

సంఘానికి పన్నెండు యాప్‌లున్నాయి. పాల కొలత, రైతుల చెల్లింపులు, జీతాలు, జమాఖర్చులు. ఈ నాలుగింటితో సంఘం నడుస్తుంది. మిగతా ఎనిమిదీ సెక్షన్‌కొకటి చొప్పున వచ్చి చేరాయి. ఒక సెక్షన్ యాప్ తెచ్చి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగితే, పక్క సెక్షన్ ఊరుకునేది కాదు. పండగ వచ్చేలోగా తనకూ ఒకటి తెచ్చుకునేది.

పన్నెండూ నాలుగు కావాలని, దానికి సెక్షన్ల పెద్దలందరి సంతకాలూ ఉండాలని మేనేజరు చంద్రశేఖరం సంహితకు చెప్పాడు. సంతకాలు లేకుండా ఒక యాప్ తీసేసిన పాత ఆఫీసరు ఇప్పుడు ఉప్పుమళ్ల మధ్య నౌపడ కేంద్రంలో పాల క్యాన్లు దించుకుంటున్నాడు. ఈ నెలాఖరుకు పని కాకపోతే సంహిత ఉద్యోగం పర్మినెంటు కాదు. ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు.

"పాపం అని కాదండీ. మీ దాణా స్టాకు జమాఖర్చుల యాప్‌లో కూడా వస్తోంది. ఒకటే లెక్క రెండుచోట్ల ఎందుకని."

"దేవుడు రెండు కళ్లెందుకిచ్చినాడు? ఒకటి సాలదేటి?"

అందరూ నవ్వారు. రమేష్‌బాబు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నాను అది సూడకుండా లారీ దింపనమ్మా. నిన్న కూడా సూసినాను."

"నిన్న కూడానా అండీ?"

"నిన్నేటి, ఇందాక మెట్లెక్కుతా కూడా సూసినాను."

వ్యాన్ల సెక్షన్ గణపతిరావు గొంతు సవరించుకున్నాడు.

"నాది తియ్యడానికి నీకు సెయ్యి రాదు తల్లీ. పైడితల్లమ్మోరి పేరెట్టినాం దానికి. తీసేస్తే రేపు సిరిమానోత్సవంలో అమ్మోరికి ఏటి సెప్తావు?"

"అమ్మవారికి నేను చెప్పుకుంటాను. మీరు వాడుతున్నారా అండీ?"

"భలేదానివే. ఏ వ్యాను ఏ ఊళ్లో ఉన్నాదో అందులోనే కదా తెలుస్తాది. రామతీర్థం వ్యాను ఆగిపోతే డ్రైవరు కన్నా నాకే ముందు తెలుస్తాది."

"మొన్న ఆగిపోతే డ్రైవరు నీకు ఫోను సేసినాడు కదా బావా," అన్నాడు రమేష్‌బాబు.

"సేస్తాడు. నాకు ముందే తెలిసినా సేస్తాడు. ఆడి మర్యాద ఆడిది."

పశువైద్యం చూసే నీలవేణి సంహిత చేతి మీద చెయ్యి వేసింది.

"సూడమ్మా, మాకున్నదే ఒకటి. అదీ తీసేస్తే రేపు నలుగురిలో మా సెక్షన్ ముకం ఏటి కావాల?"

"అందరివీ తీసేస్తున్నామండీ. మీది ఒక్కటే కాదు."

"అందరి సంగతీ నాకెందుకు? ఏ గేదెకి సూది ఎప్పుడెయ్యాలో అందులోనే సూస్తాను. అది ఒక్కరోజు ఆగిందంటే మా పని ఆగిపోద్ది."

మిగతా అయిదుగురూ తలలూపారు. తమ యాప్ లేనిదే తమకూ పూట గడవదన్నారు.

చంద్రశేఖరం సంహిత వైపు చూశాడు. "ఏమ్మా, ఏం చేద్దాం? ఓటింగు పెడితే నీకు నీ ఓటే."

సంహిత ల్యాప్‌టాప్ మూసింది. రమేష్‌బాబుకు జాలేసింది.

"బాధపడకమ్మా. నౌపడ మరీ అంత సెడ్డ ఊరు కాదు. ఉప్పు సవక."

మళ్లీ నవ్వులు. ఈసారి సంహిత కూడా నవ్వింది.

"పెద్దవాళ్లు, మీ పనులు మీకే తెలుస్తాయి. ఏదీ మార్చొద్దు. అదే తీర్మానంగా రాసేస్తాను. సంతకాలు పెట్టండి."

"రాయడమేటి, నాను సెప్తాను, అలగే రాయి," అని రమేష్‌బాబు ముందుకు వంగాడు. "ఈ రోజు ఉన్నది ఉన్నట్టే నడవాలి. ఎవరూ ముట్టుకోకూడదు."

"ఇప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని కూడా ఎట్టు," అన్నాడు గణపతిరావు. "మళ్లీ ఇంకో ఆఫీసరొచ్చి తవ్వకుండా."

సంహిత వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసి చదివి వినిపించింది. చంద్రశేఖరం ఆమెను ఆపబోయాడు. అప్పటికే కాగితం బల్ల చుట్టూ తిరుగుతోంది. ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. టీతో పాటు పకోడీలు వచ్చాయి. గణపతిరావు తన ప్లేటు సంహిత ముందుకు జరిపాడు.

"తినమ్మా. ఓడిపోయినోళ్లకి ఆకలెక్కువ."

తినేసి, ఒకరి భుజం ఒకరు తట్టుకుంటూ అంతా వెళ్లిపోయారు. చంద్రశేఖరం మాత్రం కూర్చునే ఉన్నాడు.

"నువ్వు ఇంత తొందరగా చేతులెత్తేస్తావనుకోలేదు. నెలాఖరు దగ్గరకొచ్చేసింది. పన్నెండూ నాలుగు చెయ్యమన్నాను."

"చేశాను సార్."

"ఎనిమిదీ ముట్టుకోవద్దని వాళ్ల చేత సంతకాలు పెట్టించి, చేశానంటావేమిటి?"

ఆ ఎనిమిదింటినీ సంహిత ఆపేసి అప్పటికే నెల దాటింది.