తెర తాడు

"పేరు?" మైకు పట్టుకుని అడిగాడు వేషాల పేర్లు ప్రకటించే అజయ్ బాబు.

"లాస్య" అంది అమ్మవారి వేషంలో ఉన్న పిల్ల.

"అబద్ధం. షేక్ నాగూర్‌బీ" అంది ఆ పిల్ల బుగ్గలకి రంగు అద్దుతున్న భువనేశ్వరి.

నాగూర్‌బీ చప్పున ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

రేపల్లెలో నాటకం. కాసేపట్లో తెర లేస్తుంది. ఆమెకిది మొదటి పెద్ద వేషం. పద్యం నేర్పింది, వేషం ఇప్పించింది పేరున్న పాత నటి భువనేశ్వరే.

తెనాలిలో రోడ్డు పక్కన పరుపులు కుట్టే దూదేకుల వాళ్ల పిల్ల నాగూర్‌బీ. బడికి పోతే జుట్టులో దూది చూసి "ముసల్దానా" అని ఏడిపించేవాళ్లు. హిందువుల ఇళ్లలో సాయిబుల పిల్ల. ఉర్దూ రాదని సాయిబుల ఇళ్లలో తెలుగు పిల్ల. ఎక్కడికెళ్లినా గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

స్టేజీ మీదైనా అందరిలో ఒకతెగా ఉందామనుకుంది.

"అమ్మగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను. ఈ ఒక్కసారికీ లాస్య అని చెప్పించండి."

"లే. రంగు చెదురుద్ది."

నాటకం పెట్టించిన రంగనాయకులు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటండి భువనేశ్వరమ్మగారూ ఇది? పిల్లే వద్దంటుంటే మీకెందుకండి పంతం? అమ్మవారి వేషానికి ఆ పేరు చెప్తే జనం లేచిపోతారు."

"పోనివ్వండి. పద్యం విన్నాక పొమ్మనండి."

"చెప్పకపోతే?"

"తెర లేవదు."

ఆవిడ తెర తాడు చేతికి చుట్టుకుని నిలబడింది.

అజయ్ బాబు మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అమ్మవారి పాత్రధారిణి... కుమారి షేక్ నాగూర్‌బీ, తెనాలి."

వెనక వరసలో ఈల.

"అమ్మవారు సాయిబులమ్మాయంట్రోయ్!"

గొల్లున నవ్వులు.

అంతదాకా బతిమాలిన నాగూర్‌బీకి ఒక్కసారిగా ఒళ్లు మండింది. ఆ నవ్వుల మీద కోపం. అంతకన్నా భువనేశ్వరి మీద కోపం. ఆ కోపంతోనే స్టేజీ మధ్యకి నడిచింది. మెల్లగా అందుకోవాల్సిన పద్యాన్ని పై శ్రుతిలో ఎత్తుకుంది. తీసిన రాగం విడవలేదు. హార్మోనియం ఆయాసపడుతూ ఆమె వెంట పరుగెత్తింది.

ఈల ఆగిపోయింది.

పద్యం ముగిసింది.

"వన్స్ మోర్!" అరిచింది వెనక వరస. "నాగూర్‌బీ, వన్స్ మోర్!"

మళ్లీ పాడింది. ఇంకోసారీ పాడించుకున్నారు.

నాటకం అయ్యాక రంగైనా తుడుచుకోకుండా భువనేశ్వరి ముందు నిలబడింది.

"నన్ను నవ్వులపాలు చెయ్యడానికే కదండీ ఆ పేరు చెప్పించారు?"

"నవ్వారుగా. చచ్చిపోయావా?"

"మీకేం తెలుసండి మా బాధ? భువనేశ్వరి అంటే ఏ గుమ్మమైనా తెరుచుకుంటుంది!"

ఆవిడ అద్దంలో తన మొహం చూసుకుంది.

"పేరు మార్చుకుంటే మాత్రం నా దగ్గరికి రాకు" అంది.

"అసలే రాను!"

అన్నట్టే వెళ్లలేదు. వేమూరు నుంచి, కొల్లూరు నుంచి పిలుపులొచ్చాయి. అందరూ "ఆ నాగూర్‌బీయే కావాలి" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా బాపట్ల వెళ్లి భువనేశ్వరిని చూసి రావాలనిపించేది. పౌరుషం అడ్డొచ్చేది.

చివరికి వెళ్లింది. ఆవిడ పోయిందని కబురొచ్చాక.

వాకిట్లో నాటకాలవాళ్లు దండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. పేరాల నుంచి వచ్చిన ముసలాయన ఒకడు ఎదురొచ్చాడు.

"తెనాలి నాగూర్‌బీవి నువ్వే కదమ్మా? లోపలికి రా. ఆఖరి స్నానం నువ్వే చేయించాలి. ఇంకో ఆడదిక్కు లేదు."

నాగూర్‌బీ వెనక్కి తగ్గింది.

"నేనాండీ? నేను ముట్టుకుంటే ఆవిడ వాళ్లు ఊరుకుంటారా?"

"ఆవిడ వాళ్లంటే మేమేనమ్మా" అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. "నాటకాలోళ్లు భువనేశ్వరి అని మార్చకముందు మా అక్క పేరు షేక్ ఖాసింబీ."