ఆరో హాలు పైకప్పు

"ఇంకోసారి నా మొహం మీద లైటు కొట్టావంటే ఊరుకోను, పెద్దాయనా!"

కొత్త ఇంజనీరు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాముచెవుల మామ లైటును కళ్ళ మీంచి గడ్డం మీదకు దించాడు. అంతకు మించి దించలేదు.

"కప్పు బాగుందని నీ మిషను ఎంత చెప్పినా సరే బాబూ, ఈ ఆరో హాల్లోకి మనుషుల్ని పంపేది లేదు. పైకప్పు డొల్ల."

అది భూమికి ఆరు వందల అడుగుల లోతున ఉన్న ఉప్పు గని. నాలుగు తరాల కిందట జనం నిచ్చెనలు దిగి, ఉప్పును బుట్టల్లో మోసుకొచ్చేవారు. తర్వాత గుర్రాలొచ్చాయి. ఆ తర్వాత లిఫ్టు, పట్టాలు, కోత మిషన్లు. ఒక్క పద్ధతి మాత్రం మారలేదు. రోజూ అందరికంటే ముందు ఒక మనిషి దిగి, పైకప్పును ఇనుప గడతో తట్టి చూస్తాడు. గట్టి కప్పయితే ఖంగుమంటుంది. లోపల పగులుంటే ఖాళీ డబ్బా మోగినట్టు మోగుతుంది. బాగుందనుకుంటే అక్కడి ఉప్పు స్తంభం మీద సుద్దతో గీత గీస్తాడు. ఆ గీత పడేదాకా ఎవరూ లోపల కాలు పెట్టరు.

పందొమ్మిదేళ్ళుగా ఆ గీత గీస్తున్నది మామే. అంతకుముందు మందుగుండు పేల్చే పనిలో ఉండేవాడు. గడ పట్టాక ఒక్కరి నెత్తిన ఉప్పు పెళ్ళ పడనివ్వలేదు. పాముచెవుల మామ అన్న పేరు కార్మికులు ముచ్చటపడి పెట్టుకున్నదే.

ఇంజనీరు మాత్రం నేరుగా మేనేజరు గదికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఏం పొగరు సార్ ఆయనకి! వెనకనుంచి పిలిస్తే తిరిగైనా చూడడు."

పక్కనే దీపాల గది. కార్మికులకు టోపీ లైట్లు అందించేది మామ భార్యే. కిటికీలోంచి తల పెట్టింది.

"మీకేనా బాబూ? నేను వీధి వీధంతా వినపడేలా అరిచి చచ్చినా పలకడు. గనిలో మాత్రం ఉప్పు మూలిగినా తెలుస్తుందట!"

"మా ఇంట్లోనూ అంతే అత్తా. భోజనానికి రమ్మంటే తప్ప ఇంకేదీ చెవికెక్కదు" అంది దీపాలు తుడిచే అమ్మాయి. అందరూ పగలబడి నవ్వారు.

మామను పిలిపించారు.

"ఈ శనివారం దాకా చూద్దాం. అప్పటికి ఆ కప్పు పడకపోతే గడ ఇంజనీరు గారికి ఇచ్చేసి, నువ్వు స్టోరు గదిలో కూర్చో" అన్నాడు మేనేజరు.

మామ ఉలకలేదు, పలకలేదు. మేనేజరు గారి గుబురు మీసాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"చూశారా సార్, లెక్కే లేదు!" అన్నాడు ఇంజనీరు.

భార్య చరచరా వచ్చి ఎదురుగా నిలబడింది. "ఏమయ్యా! శనివారం దాకా గడువట. కప్పు పడకపోతే నీకు స్టోరు గదేనట!"

"మేకులకు కాపలా కాయడానికా? ఆ మాటకొస్తే కాస్తాను" అన్నాడు మామ. "నేనుండగా మాత్రం ఆ స్తంభం మీద గీత పడదు. అక్కడ తవ్వాల్సిన పద్దెనిమిది మందిలో మా అల్లుడొకడు."

బుధవారం కప్పు పడలేదు. గురువారం పడలేదు. శుక్రవారం ఇంజనీరు ఈల వేసుకుంటూ తిరిగాడు.

"మామయ్యా, స్టోరు గదిలో కుర్చీకి మెత్త కుట్టించమంటారా?" అన్నాడు అల్లుడు.

"కుట్టించు. ముందు నువ్వు ఆ హాలు ఛాయలకు పోకు."

శనివారం మధ్యాహ్నం గని లోపలి టీ గదిలో అందరూ చేరారు. ఇంజనీరు గడియారం చూసుకుని, ఇంకో మూడు గంటలే అన్నట్టు మూడు వేళ్ళు చూపించాడు. మామ టీ గ్లాసు బల్ల మీద పెట్టి దాని వంకే చూస్తున్నాడు. టీ సన్నగా వణికింది.

"అయిపోయింది ఆరో హాలు" అన్నాడు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పూర్తి కాలేదు. కొండ విరిగినట్టు చప్పుడు. గ్లాసులు దొర్లాయి. తెల్లటి ఉప్పు దుమ్ము గదిని కమ్మేసింది. దగ్గులు, కేకలు. అల్లుడు బల్ల కిందకి దూరాడు. మామ ఒక్కడే అదిరిపడలేదు. గ్లాసులోని దుమ్మును వేలితో తీసేసి, మిగిలిన టీ తాగాడు.

తలలు లెక్కపెట్టుకున్నారు. అందరూ ఉన్నారు.

సోమవారం పొద్దున ఏడో హాలు దగ్గర ఇంజనీరు తల వంచుకుని నిలబడ్డాడు. మామ అతని గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తాడు. మొహం మీద లైటు పడింది. ఈసారి ఇంజనీరు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"నన్ను క్షమించు మామా. ఆ మిషను ఇంకా ఆరో హాలు బాగానే ఉందంటోంది. నీలాగా వినడం నాకూ నేర్పు."

మామ నవ్వి, అతని గ్లౌజులు ఊడదీశాడు. గడను వట్టి చేతుల్లో పెట్టాడు. ఇంజనీరు శ్రద్ధగా చెవిని స్తంభానికి ఆనించాడు.

మామ అతన్ని భుజం పట్టి వెనక్కి లాగాడు.

"ముందు ఆ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకో బాబూ, నాకీ విద్య అబ్బింది పేలుడులో నా చెవులు రెండూ పోయాకే."