తిరగని మెడ

ఆ తల బరువంతా ఫిజియోథెరపిస్టు అరచేతుల్లో ఉంది. బల్ల మీద వెల్లకిలా పడుకున్న సూపర్‌వైజరు కళ్ళు మూసుకుని, "మీ చేతుల్లో పెట్టేశానమ్మా, ఇక మీ దయ" అన్నాడు.

ఒక్క మెలి తిప్పితే చాలు అనిపించింది ఆమెకు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమె అక్కను దొంగని చేసింది ఈ మనిషే. ఇతని సాక్ష్యంతోనే మూడు నెలల కిందట, విచారణ తేలేదాకా అక్కను పనిలోకి రావద్దన్నారు. పద్దెనిమిదేళ్ళు మిషను మీంచి చూపు తిప్పని అక్క, ఇప్పుడు నలుగురికీ మొహం చూపించలేక గడప దాటడం లేదు. రేపే ఆఖరి విచారణ. ఈమె ఎవరి చెల్లెలో అతనికి తెలియదు.

"ఎన్నాళ్ళ నుంచి తల తిరుగుతోంది?" అంది గొంతు మామూలుగా పెట్టి.

"రెండేళ్ళు. తలనొప్పి దానికి తోడు. చెవుల డాక్టరు, కళ్ళ డాక్టరు, అందరూ అయ్యారు. చివరికి స్కాన్ తీసి, తలలో ఏమీ లేదన్నారు."

ఆ మాత్రానికి స్కాన్ ఎందుకని నోటిదాకా వచ్చింది గానీ మింగేసింది. అతన్ని లేపి గోడకు ఆనించి నిలబెట్టింది. వీపు ఆనింది, తల ఆనలేదు.

"చెవి భుజానికి సరిగ్గా పైన ఉండాలండీ. మీది నాలుగు వేళ్ళు ముందుకొచ్చింది. వెన్ను కూడా ఎడమకు ఒరిగింది. తల బరువు మోయలేక మెడ కండరాలు బిగుసుకుపోయాయి. నొప్పి అక్కడిదే, తల తిరగడమూ అక్కడిదే."

"ఎడమపక్క బల్ల మీద కాలర్లు సరిచూడ్డమే కదమ్మా నా పని. పొద్దస్తమానం అటే వంగుంటాను."

"ఓసారి కుడివైపు తిరగండి."

గడ్డం కాస్త కదిలి ఆగిపోయింది. అతను తూలి గోడ పట్టుకున్నాడు. "అంతేనమ్మా. ఇంకొంచెం తిప్పానంటే గదంతా గిర్రున తిరుగుతుంది."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్ళు కూడా ఇచ్చింది.

"పనిలో పని, ఓ సర్టిఫికెట్ కావాలమ్మా. ఆరు నెలలు సెలవు పెడదామని. మా మేనేజరు చండశాసనుడు, గట్టిగా రాయాలి."

"అయితే ముందు సర్టిఫికెట్టే. వైద్యం చేశాక మెడ తిరిగిందనుకోండి, తిరగదని ఎలా రాయను?"

"బుర్రంటే మీదమ్మా" అని మెచ్చుకున్నాడు.

కోణం కొలిచే స్కేలు మెడకు ఆనించి మూడుసార్లు కొలిచింది. కలం తీసింది.

"ఆలోచించి చెప్పండి, నేను సంతకం పెట్టే కాగితం. రెండేళ్ళలో ఒక్కసారైనా తిరిగిందా? పోనీ, మూడు నాలుగు నెలల కిందట?"

"ఒట్టమ్మా, ఒక్కసారి కూడా లేదు. కుడిపక్కన ఏనుగొచ్చి నిలబడినా నాకు తెలీదు. మా ఆవిణ్ణి అడగండి, అన్నానికి కూడా నా ఎడమపక్కే కూర్చుంటుంది. అదీ రాయండి."

అదీ రాసింది. అతను చెప్పినవన్నీ చదివి వినిపించి, కింద అతని చేత సంతకం పెట్టించి, పక్కన తన సంతకం పెట్టింది.

తర్వాత అరగంట సేపు వైద్యం చేసింది. ఎక్కడా ఒక్క పిసరు ఎక్కువ నొక్కలేదు. గడ్డం వెనక్కి లాక్కునే వ్యాయామం నేర్పింది. అతను లేచేసరికి తల తేలికైందన్నాడు.

"కాగితం జాగ్రత్త. ఎప్పుడిస్తారు?"

"ఇప్పుడే. తిన్నగా వెళ్ళి మేనేజరు చేతిలో పెడతాను. రేపు ఆయనకి ఏదో విచారణ ఉంది, దొరకడు."

తలుపు తీసి పట్టుకుని మరీ సాగనంపింది. అతను మలుపు తిరగ్గానే అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, రేపు పొద్దున్నే తయారవ్వు. నేనూ వస్తాను."

"ఎందుకే ఇంకా? కళ్ళారా చూశానని వాడు రాసిచ్చాక నా మాట వినేదెవరు?"

"వాడు రాసిచ్చింది తీసి చదువు. అక్షరం వదలకుండా చదువు."

సొరుగు లాగిన చప్పుడైంది. అక్క ముక్కు ఎగబీల్చి, కూడబలుక్కుంటూ చదివింది:

"'ఆమె మిషను నా కుర్చీకి కుడిపక్క, వెనకాల ఉంటుంది. ఆమెకు అనుమానం రాకూడదని నేను ఒళ్ళు కదల్చకుండా, మెడ ఒక్కటే పూర్తిగా కుడివైపు తిప్పి, ఆమె చొక్కాలు సంచిలో కుక్కుకోవడం కళ్ళారా చూశాను.'"