తిమ్మన్న పలకరింపు

ఏమప్పా, ఆ పళ్లు కాస్త లోపల పెట్టుకో. తిమ్మన్న పేరెత్తగానే నవ్వు మొదలుపెడితే ఎలా? కథ అయ్యాక కూడా ఆ నవ్వు మిగిలితే అప్పుడు చూపించు.

కర్నూలు రాజధాని అయిన ఏడాది. పత్తికొండ దగ్గర ఒక పల్లెలో, దాసన్న టీ అంగడి ముందు తిమ్మన్న వారపత్రిక పట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ కథ చదువుతున్నాడు. రాసింది ఆ ఊరి బడిపంతులు ఓబులేసు. చివరికొచ్చేసరికి తిమ్మన్న పత్రికను బల్లమీద విసిరికొట్టాడు.

“మళ్లా సంపినాడప్పా! పోయినసారి బాయిలో ఏసినాడు. అంతకుముందు అమ్మవారు పోసి సంపినాడు. ఇప్పుడు జరమొచ్చి బండిలోనే పాయ. ఒక్క బిడ్డనన్నా బతికిచ్చేకి చేతకాదా ఈనికి?”

“పాపం, ఆ పంతులుకు పిల్లల్లేరు కదన్నా” అన్నాడు దాసన్న గ్లాసులు కడుగుతూ.

“లేనోనికే సంపేకి చెయ్యాడేది!”

అందరూ నవ్వారు. తిమ్మన్నకు ఆ నవ్వు చాలలేదు.

“రేపు పొద్దున మనమంతా పంతులింటికి పలకరింపుకు పోదాం. కథలో సచ్చినా సావు సావే కదా! గిడ్డమ్మత్తా, నువ్వు రాగమెత్తి ఏడ్వల్ల. దెబ్బకు సిగ్గొచ్చి, ఇంగ ఏ బిడ్డ జోలికీ పోడు.”

చావు ఇళ్లలో రాగం తీసి ఏడవడంలో గిడ్డమ్మను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు.

“బిడ్డ పేరేమిరా? పేరు లేకుండా ఎట్ల ఏడ్సేది?” అందామె.

తిమ్మన్న పత్రిక మళ్లీ తిరగేశాడు. “పేరు రాయలేదే! యాదో ఒకటి, లచ్చిమి అను. ఒరే, అందరూ ఇనండి. సావింట్లో పోయొస్తామని అనగూడదు. నవ్వొస్తే తలొంచుకోండి.”

మరునాడు తలగుడ్డలు తీసి చంకలో పెట్టుకుని అందరూ ఓబులేసు ఇంటికి వెళ్లారు. పంచలో పెద్దచాప పరిచి ఉంది. ఓబులేసు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్లను చూసి ‘రండి’ అనలేదు. చావింట్లో అలా అనరు.

తిమ్మన్న పక్కవాణ్ని మోచేత్తో పొడిచాడు. “సూడు, పంతులు గూడా ఆటలో కలిసినాడు.”

గిడ్డమ్మ చాపమీద కూలబడి గొంతెత్తింది. “ఓ నా లచ్చిమీ! ఉయ్యాల్లో ఊగకుండానే పోతివా తల్లీ!”

ఓబులేసు భార్య కృష్ణవేణమ్మ లోపలినుంచి జొన్నపిండి చేతులతోనే వచ్చింది. ఆమెకు చదువు రాదు, పత్రికలో ఎవరు చచ్చిందీ తెలియదు. గిడ్డమ్మ ఎదుట కూర్చుని ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

“ఇన్నేండ్లకు వచ్చినావా అత్తా! పేరు పెట్టని బిడ్డకు పలకరింపేమని అప్పుడు ఒక్కరూ రాకపోతిరే. గుడ్డలో సుట్టి ఈయప్ప ఒక్కడే ఎత్తుకపాయ కదత్తా.”

చెంగుతో ముక్కు తుడుచుకుంది.

“లచ్చిమి... బాగుండాదత్తా. ఆ పేరుతోనే ఏడువు.”

ఆ తర్వాత గిడ్డమ్మ ఏడ్చిన ఏడుపులో రాగం లేదు. తలలు వంచుకున్న వాళ్లెవరికీ నవ్వు రాలేదు.

తిమ్మన్న ఒక్కడే లేచి వాకిలి దాకా వచ్చాడు. ఓబులేసు వెనకే వచ్చాడు.

“తప్పయిపాయ అల్లుడూ. మేము తమాసాకని వస్తిమి. ఆయమ్మకు చెప్పొద్దప్పా.”

“నాకు తెలుసు మామా. నిన్న మీరు మాట్లాడేటప్పుడు అంగడి ఎనకాల్నే ఉన్నా. అంతా ఇన్నా. పొద్దున్నే లేసి చాప పరిచింది నేనే.”

తిమ్మన్న నోరు తెరిచాడు. “తెలిసి గూడా మమ్మల్ని ఆపలేదేమప్పా?”

“ఆపేకా? మీ అందర్నీ ఈ వాకిట్లోకి పలకరింపుకు రప్పిచ్చేకి ఎంతమంది బిడ్డల్ని సంపాల్సొచ్చెనో నీకేం తెలుసు మామా!”